కంటిలోని ఎర్రరంగు

(చెన్నూరు దగ్గర ఒక చదువు కేంద్రంలో టీచరమ్మ చెప్పిన మాటలు)



ఈ రోజు పలకలు పక్కన పెట్టండి. పుస్తకాలు మూసేయండి. ఈ రోజు నేను చెప్తాను, మీరు వినండి. నడుమ ఎవరికి అనుమానం వచ్చినా అడగండి. ఈ మాటలనే అచ్చు వేసి మీకు ఇస్తాం. అప్పుడు మీరే కూడబలుక్కుని చదువుకోవచ్చు.

మన కేంద్రానికి వచ్చే ఒక అక్క సంగతి ముందు చెప్తాను. పేరు చెప్పను. చెప్పమని ఆమె ఒప్పుకున్నది కాబట్టి చెప్తున్నాను.

ఆ అక్క బీడీలు చుడుతుంది. వానాకాలంలో రోజూ క్లాసుకు వచ్చేది. అక్షరాలు తొందరగా పట్టుకున్నది. చలికాలం వచ్చింది. పొద్దు తొందరగా గూకుతున్నది. అప్పటినుంచి ఆమె సగం క్లాసులోనే లేచి పోవుడు మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు మొత్తానికే మానేసింది. ఆమెకు చదువు మీద మనసు పోయిందని నేను అనుకున్నాను. పది మందిలో ఆ మాట అన్నాను కూడా. అట్ల అన్నది తప్పని తరువాత తెలిసింది.

ఒక రోజు వాళ్ళింటికి పోయాను. ఆమెకు అప్పుడు ఏడో నెల. "నాకు చదువు రాదు టీచరమ్మా, నన్ను ఇడిసిపెట్టు" అన్నది. నేను గట్టిగా ఏమీ అనలేదు. కాసేపు కూసొని లేచాను. అప్పటికి సందె పడింది. నన్ను సాగదోలడానికి ఆమె వాకిట్లకు వచ్చింది. గోడ పట్టుకొని వస్తున్నది. కాళ్ళతోని చెప్పుల కోసం తడుముతున్నది. నడుమ దారిలో నీళ్ళ బకెట్టు ఉన్నది. అది నాకు మంచిగనే కనబడుతున్నది. ఆమెకు కనబడలేదు. తన్నుకొని ముందుకు తూలింది. నేను పట్టుకోకపోతే బోర్లా పడేది. ఏడు నెలల కడుపు!

"ఏమైంది అక్కా?" అని అడిగాను. ఆమె ఏడ్చింది. "సందె పడితే నాకేం కనబడది టీచరమ్మా. దీపం దగ్గర కనబడతది. చీకట్లకు వస్తే అంతా నలుపే. ఎవరికీ చెప్పలే" అన్నది.

లోపలినుంచి వాళ్ళ అత్త అన్నది: "గ్రహణం నాడు బయటికి పోకుమంటే పోయింది. అందుకే ఇట్లయింది."

గ్రహణానికి దీనికి ఏ సంబంధమూ లేదు. దీన్ని రేచీకటి అంటారు. రేయి అంటే రాత్రి. రేయి వేళ కన్ను చీకటవుతుంది కాబట్టి రేచీకటి. ఇది ఎందుకు వస్తుందో తెలియాలంటే కంటిలో ఏముందో తెలియాలి.

మన కంటి నడుమ నల్లగా గుండ్రంగా కనబడేది కనుపాప. అది ఒక కిటికీ లాంటిది. వెలుతురు దానిలోనుంచి లోపలికి పోతుంది. లోపల, కంటి వెనుక గోడకు ఉల్లిపొర లాంటి పలుచని పొర ఉంటుంది. దాన్ని రెటీనా అంటారు. ఆ పొరలో కంటికి కనబడనంత సన్నని కణాలు కోట్ల కొద్ది ఉంటాయి. కొన్ని కడ్డీ లాగ పొడుగ్గ ఉంటాయి. కొన్ని కొనదేలి శంకు లాగ ఉంటాయి. కడ్డీలు సుమారు 10 కోట్లు. శంకులు 60 లక్షల దాకా.

శంకులు పగటి వెలుతురుకు పనికొస్తాయి. రంగులు చూపేవి అవే. కడ్డీలు తక్కువ వెలుతురులో చూపుతాయి. వెన్నెల్లో, సందె వేళ, కందిలి వెలుగులో దారి చూపేవి కడ్డీలే.

మీరే ఒక సంగతి పరీక్ష చేసి చూడండి. పొద్దు గూకినంక దీపం పెట్టకముందు ఎర్ర చీరను చూడండి. అది నల్లగా కనబడుతుంది. పచ్చటి ఆకు అంత నల్లబడదు. ఎందుకు? కడ్డీలకు రంగులు తెలియవు. ఎర్ర వెలుతురు అయితే వాటికి దాదాపు తెలియనే తెలియదు.

ఈ కడ్డీలలో ఒక రంగు ఉంటుంది. గులాబీ ఎరుపు రంగు. దాని పేరు రొడాప్సిన్. పేరు నోరు తిరగకపోతే ఇబ్బంది లేదు. కంటి రంగు అనుకోండి.

ఎండకు ఆరేసిన చీర వెలిసిపోతది గదా! మోదుగ పూల రంగు ఎంత చక్కగ ఉంటుంది! హోలీ నాడు చల్లుకున్న ఆ రంగు నాలుగు ఎండలు తగిలితే ఉంటుందా? కంటిలోని రంగు కూడ అంతే. వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. అయితే చీర వెలిసేందుకు నెలలు పడుతుంది. కంటి రంగు మీద వెలుతురు పడంగనే మారుడు మొదలవుతుంది. అది మారినప్పుడే "వెలుతురు పడింది" అన్న కబురు నరం గుండా మెదడుకు పోతుంది. ఆ కబురే మనకు చూపు.

మరి వెలిసిన రంగు వెలిసినట్టే ఉంటే మనం ఒక్క రోజు చూసి గుడ్డివాళ్ళం కావాలె గదా? కాము. వెలిసిన రంగును కన్ను మళ్ళీ తయారు చేసుకుంటుంది. చీరకు మళ్ళీ అద్దకం వేసినట్టు. దీనికి కొంత సమయం పడుతుంది. మిట్టమధ్యాహ్నం పత్తి చేనులోనుంచి వచ్చి ఇంట్లో అడుగు పెడితే ముందు ఏమీ కనబడదు. కొద్దిసేపటికి గంపలు, కుండలు ఒక్కొక్కటి తేలుతాయి. మన చెన్నూరు అగస్తీశ్వరుని గుడిలో అఖండ జ్యోతి ఉన్నది. ఎండలోనుంచి పోయి గర్భగుడి ముందు నిలబడితే మొదట ఆ జ్యోతి ఒక్కటే కనబడుతుంది. నిలబడంగ నిలబడంగ గోడలు, స్తంభాలు కనబడతాయి. గుడిలో వెలుతురు పెరగలేదు. కంటిలో రంగు పెరిగింది. బాగా చీకట్లో ఆ రంగు మొత్తం నిండడానికి అరగంట పైన పడుతుంది.

ఈ సంగతి మనుషులకు ఎట్ల తెలిసింది? కప్ప వల్ల తెలిసింది. 1876లో రోము నగరంలో ఫ్రాంజ్ బోల్ అనే ఆయన చీకట్లో ఉంచిన కప్ప కన్ను తెరిచి చూశాడు. లోపలి పొర ఎర్రగా ఉన్నది. చూస్తుండగానే వెలుతురుకు ఎరుపు పోయి తెల్లబడింది. తరువాత జర్మనీలో కూనే అనే ఆయన ఇంకో పని చేశాడు. ఒక కుందేలు తలకు కొంతసేపు గుడ్డ కప్పాడు. తరువాత గుడ్డ తీసి, ఊచల కిటికీ వైపు దాని ముఖం తిప్పి మూడు నిమిషాలు ఉంచాడు. దాన్ని చంపి, కంటి పొరను తీసి పటిక నీళ్ళలో వేశాడు. బట్టల మీద అద్దకం నిలవడానికి పటిక వాడతారు, మీకు తెలుసు. ఆ పొర మీద ఏం కనబడిందో తెలుసా? ఆ కిటికీ! ఊచలతో సహా. వెలుతురు పడిన చోట తెల్లగా, ఊచల నీడ పడిన చోట ఎర్రగా. పాపం కుందేలు అని మీరు అంటారు. నేను మొదటిసారి చదివినప్పుడు నేనూ అట్లనే అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ రంగును కన్ను దేనితో తయారు చేస్తుంది?

1933లో జార్జ్ వాల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త కంటి పొరలో విటమిన్ ఏ ఉన్నదని కనిపెట్టాడు. కంటి రంగుకు ముడి సరుకు అదే. ఈ పనికి ఆయనకు 1967లో, మరి ఇద్దరితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది.

విటమిన్ ఏ మన ఒంట్లో పుట్టదు. తిండిలోనుంచే రావాలె. రంగు వెలిసిన ప్రతిసారి దానిలో కొంచెం ఖర్చు అవుతుంది. తిండిలో రాకపోతే మొదట ఏమవుతుంది? కడ్డీలలో రంగు నిండదు. పగలు చూపు బాగనే ఉంటుంది. సందె పడితే పోతుంది. మన అక్కకు అయింది ఇదే. కడుపులో బిడ్డ పెరుగుతున్నది. బిడ్డకు కూడ విటమిన్ ఏ కావాలె. తల్లి ఒంట్లో ఉన్నదానిలోనుంచే బిడ్డకు పోతుంది. అందుకే కడుపుతో ఉన్నవాళ్ళకు చివరి నెలల్లో రేచీకటి వస్తుంటది. "కడుపుతో ఉన్నప్పుడు ఇట్ల అవుతది, కానుపు అయితే అదే పోతది" అని కొందరు అవ్వలు అంటారు. కానుపు తరువాత చాలామందికి పోయేది నిజమే. కాని ఊరుకోవడం మాత్రం మంచిది కాదు. ఆ తల్లి పాలలో కూడ విటమిన్ ఏ తక్కువ ఉంటుంది. పుట్టిన బిడ్డకు ఆ పాలే ఆధారం.

ఇది చిన్న పిల్లలకు వస్తే ఇంకా ప్రమాదం. రేచీకటితోనే ఆగదు. తెల్లగుడ్డు మీద సబ్బు నురగ లాంటి మచ్చలు వస్తాయి. కన్ను తడి ఆరి మెరుపు పోతుంది. చివరికి నల్లగుడ్డు పుండై కరిగిపోతుంది. అప్పుడు పోయిన చూపు మళ్ళీ రాదు. విటమిన్ ఏ తక్కువ ఉన్న పిల్లలకు తట్టు పోస్తే, విరేచనాలు పట్టుకుంటే, తట్టుకునే బలం ఉండదు. సందె వేళ మీ పిల్లగాడు ఆడుకునుడు మాని ఒక్క దగ్గర కూసుంటున్నడా? కంచంలో అన్నం తడుముకుంటున్నడా? మొండితనం అని కొట్టకండి. కళ్ళు చూడండి.

ఒక అవ్వ నన్ను అడిగింది: "కోడికి కూడ రేచీకటేనా? పొద్దు గూకంగనే గూట్లకు పోతది గదా?" మంచి ప్రశ్న. కోడికి అది జబ్బు కాదు. దాని కన్నే అంత. కోడి కంటిలో శంకులు ఎక్కువ, కడ్డీలు తక్కువ. పగలు అది మనకంటే ఎక్కువ రంగులు చూస్తుంది. చీకటి పడితే దానికి దారి దొరకదు. గుడ్లగూబది దానికి తిరగేసిన కథ. దాని కంటి నిండ కడ్డీలే. పిల్లి కళ్ళు, బర్రె కళ్ళు రాత్రి బ్యాటరీ వెలుగు పడితే ఎందుకు మెరుస్తాయి? ఆ పొర వెనుక అద్దం లాంటి ఇంకో పొర ఉంటుంది. ఒకసారి రంగు గుండా పోయిన వెలుతురును అది మళ్ళీ వెనక్కి కొడుతుంది. ఒక్క వెలుతురుకు రెండు సార్లు చూసుడు అన్నట్టు.

కళ్ళు లేని చెట్టుకు కూడ ఇట్లాంటి రంగు ఉన్నదంటే నమ్ముతారా? చూపు కోసం కాదు. కాలం తెలుసుకోవడానికి. మన పాత కంది రకాలను ముందు వేసినా, ఆలస్యంగా వేసినా, పగలు చిన్నగై రాత్రి పెద్దగైనంకనే పూతకు వస్తాయి. చామంతి కూడ అంతే. రాత్రి ఎంత పొడుగున్నదో ఆకుకు తెలుస్తుంది. ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఆ లెక్క కడుతుంది. పూలు ఆలస్యంగా కావాలనుకునే రైతులు చామంతి తోటలో రాత్రి పూట బల్బులు పెడతారు. ఇంకా పగలు పెద్దగనే ఉన్నదని మొక్క మోసపోతుంది. కోళ్ళ ఫారాలలో కూడ పొద్దు గూకినంక దీపాలు పెడతారు. పగలు పెద్దగున్నదని కోడి ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఇక్కడ వింత ఏమంటే, ఆ వెలుతురు కోడి తల పుర్రె గుండా దిగి మెదడులో ఉన్న రంగుకు తగులుతుంది. కన్ను ఒక్కటే వెలుతురును పట్టుకుంటుందని అనుకోవడానికి లేదు.

సరే, కోళ్ళను వదిలి వంటింట్లోకి పోదాం.

విటమిన్ ఏ ఎక్కడ దొరుకుతుంది? దాని మొదలు ఆకులో ఉన్నది. పచ్చటి ఆకులో పసుపు రంగు పదార్థం దాగి ఉంటుంది. దాని పేరు కెరోటిన్. ఆకు పచ్చదనం ఎక్కువ కాబట్టి ఆ పసుపు మనకు కనబడదు. గుమ్మడికాయలో, మామిడి పండులో, బొప్పాయిలో, క్యారెట్‌లో బయటికే కనబడుతుంది. మనం తిన్న కెరోటిన్‌ను మన ఒళ్ళు విటమిన్ ఏ చేసుకుంటుంది. ఆవు నెయ్యి పచ్చగ ఉంటది, బర్రె నెయ్యి తెల్లగ ఉంటది, ఎందుకు? రెండూ తినేది ఒకటే గడ్డి. ఆవు ఆ పసుపును కొంత అట్లనే పాలలోకి ఇడుస్తుంది. బర్రె దాన్ని ముందే విటమిన్ ఏగా మార్చేస్తుంది. విటమిన్ ఏకు పసుపు రంగు ఉండదు. తెల్లగున్నదని బర్రె పాలను తక్కువ చేయకండి.

మిగిలిన విటమిన్ ఏ కార్జంలో దాచిపెట్టి ఉంటుంది. కార్జం గరిసె లాంటిది. పంట రోజుల్లో నింపుకుంటాం, కరువు రోజుల్లో తీసుకుంటాం. రేచీకటికి మేక కార్జం తినిపించాలని మన పాత వైద్యులు చెప్పేవాళ్ళు. ఎందుకో వాళ్ళకు తెలియదు. మాట మాత్రం సరైనదే. పొన్నగంటి కూర కళ్ళకు మంచిదని పెద్దలు అంటారు. అదీ నిజమే.

బియ్యంలో కెరోటిన్ లేదు. తెల్ల జొన్నలో లేనట్టే. ఉత్త అన్నం, పచ్చి పులుసు, మిరపకాయ తొక్కుతో రోజులు గడిపితే గరిసె ఖాళీ అవుతుంది. తోటకూర, మునగాకు, పుంటికూర, పాలకూర, మెంతికూర, ఏది దొరికితే అది వండుకోండి. మునగ చెట్టు ఉన్న ఇంట్లో రేచీకటి వచ్చిందంటే నాకు కోపం వస్తుంది. కాయలు కోసుకుంటారు, ఆకు బర్రెకు వేస్తారు.

ఆకుకూరలో ఉన్నదంతా మన ఒంటికి పట్టదు. పట్టేది కొద్దిగనే. అందుకే వారానికి ఒకసారి తింటే చాలదు, రోజూ పిడికెడు కావాలె. కూరలో మంచినూనె తగలాలె. నూనె లేకుంటే కెరోటిన్ ఒంటికి ఎక్కదు. నీళ్ళలో ఉడకబెట్టి తినేకన్న నాలుగు చుక్కల నూనెలో పోపు వేసుకోండి. ఆకులను ఎండలో ఎండబెట్టకండి. ఇందాక చెప్పిన చీర సంగతే, ఎండకు ఈ రంగు కూడ పోతుంది. నీడలో ఆరబెట్టండి. గుడ్డు, పాలు, కార్జంలో ఉన్న విటమిన్ ఏ సులువుగా పడుతుంది.

ఇక్కడ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇంట్లో కార్జం తెస్తే ఎవరి గిన్నెలో పడుతుంది? గుడ్డు ఉడికిస్తే ఎవరికి పెడతారు? అందరూ తిన్నంక అడుగున మిగిలిన పులుసు ఎవరిది? ఆ అక్క చెప్పింది: "నా వంతుకు కూర ఉండేది కాదు టీచరమ్మా." అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నవాళ్ళకు గుడ్డు, పాలు, అన్నం పెడతారు. కొందరు అక్కడ తినకుండ గుడ్డు కొంగున కట్టుకొని పిల్లల కోసం ఇంటికి తెస్తారు. తల్లి మనసు నాకు తెలుసు. కాని ఆ గుడ్డు కడుపులో ఉన్న బిడ్డది. ఆ బిడ్డ నోట్ల గుడ్డు తీసి ఇంకొకరికి పెట్టినట్టు అవుతుంది.

కడుపుతో ఉన్నవాళ్ళు బొప్పాయి తినొద్దని అంటారు. పచ్చి కాయ పాలు మంచివి కావు. ఆ పట్టింపు ఉంటే మామిడి పండు ఉన్నది, గుమ్మడికాయ ఉన్నది. బొప్పాయి కోసం అత్తతో కొట్లాడే పని లేదు.

పిల్లలకు మందు కూడ ఉన్నది. దాని వెనుక మన హైదరాబాదు ఉన్నది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో తమిళనాడు కొండల మీద కూనూరులో చిన్నగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. కార్జం గరిసె లాంటిదని చెప్పాను గదా. పిల్లలకు ఒక్కసారే పెద్ద మోతాదు ఇస్తే కొన్ని నెలలకు సరిపోను దాచుకుంటారు కదా అని అక్కడివాళ్ళు ఊర్లల్ల పరీక్ష చేసి చూశారు. పనిచేసింది. 1970లో దేశమంతా ఆ కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలలు నిండినంక తట్టు టీకాతో పాటు 1 లక్ష యూనిట్లు ఇస్తారు. ఏడాదిన్నరకు 2 లక్షలు. అక్కడినుంచి ఐదేండ్లు నిండేదాకా ఆరు నెలలకు ఒకసారి 2 లక్షలు. మొత్తం 9 సార్లు. చెంచాతో నోట్లో పోస్తారు. సూది లేదు.

ఒక జాగ్రత్త. ఈ పిల్లల మందు కడుపుతో ఉన్నవాళ్ళు తాగకూడదు. అంత పెద్ద మోతాదు కడుపులో బిడ్డకు చెరుపు చేస్తుంది. కార్జం కూడ రోజూ తినొద్దు. వాళ్ళకు ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్పాలె.

ఇంకో సంగతి దాచకుండ చెప్పాలె. ప్రతి రేచీకటీ తిండితో పోదు. కొందరికి పుట్టుకతోనే కడ్డీలలో లోపం ఉంటుంది. ఏండ్లు గడిచిన కొద్ది కడ్డీలు చచ్చిపోతాయి. చూపు చుట్టుపక్కల నుంచి ముడుచుకొని వస్తుంది. మేనరికాలు చేసుకున్న ఇండ్లలో ఇది ఎక్కువ. మన దిక్కు మేనమామను, మేనబావను చేసుకునుడు ఉన్నది కాబట్టి చెప్తున్నాను. దీనికి ఆకుకూరలు మందు కాదు. పెద్ద కంటి ఆసుపత్రిలో చూపించుకోవాలె. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో మొదలైంది. 1996 నుంచి 2000 దాకా వాళ్ళు పదివేల మందికి పైగా కళ్ళు పరీక్ష చేశారు. అందులో మన పాత ఆదిలాబాదు జిల్లా పల్లెలు కూడ ఉన్నాయి. చూపు పోయినవాళ్ళలో అందరికన్న ఎక్కువ మందికి మోతిబిందు. అది ఆపరేషన్‌తో పోయేది. ముసలితనం అని మూలకు కూసున్న అవ్వలు ఎవరైనా ఉంటే మీ చెవిన కూడ ఈ మాట వేస్తున్నాను.

ఇక మన అక్క సంగతి. మరునాడు నేను, ఏ.ఎన్.ఎం. అక్క ఇద్దరం పోయి వాళ్ళ అత్తతో మాట్లాడినం. గ్రహణం మాట ఆమె వదలలేదు. "మీరు చదువుకున్నోళ్ళు, మీ మాట మీది" అన్నది. కాని కోడలిని దవాఖానకు పంపింది. అక్కడ డాక్టరు పరీక్ష చేసి, రోజూ వేసుకునే చిన్న మోతాదు గోలీలు ఇచ్చారు. ఆకుకూర, గుడ్డు, పాలు చెప్పారు. వాళ్ళ ఇంటి వెనుకనే మునగ చెట్టు ఉన్నది. అత్తనే ఆకు దూసి పప్పులో వేసిందట. మూడు వారాలకు ఆ అక్క సందె వేళ ఒక్కతే నడుచుకుంటూ క్లాసుకు వచ్చింది. చేతిలో బ్యాటరీ కూడ లేదు.

ఆమెకు బిడ్డ పుట్టింది. మూడు నెలల కింద ఆ అక్క తల్లీబిడ్డల కార్డు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. చిన్నదానిది కాదు, రెండేండ్ల పెద్ద పిల్లగానిది. వేలు పెట్టి చూపించింది. "వి-ట-మి-న్ ఏ" అని కూడబలుక్కున్నది. "ఇక్కడ తొమ్మిది నెలల గడిల తారీకు ఉన్నది. పక్క గడిల లేదు. ఏడాదిన్నరది మనోనికి పోయలేదా టీచరమ్మా?" అని అడిగింది. నేను చూశాను. నిజమే, ఆ గడి ఖాళీ ఉన్నది. బుధవారం నాడు ఏ.ఎన్.ఎం. అక్క వచ్చినప్పుడు ఆమెనే కార్డు పట్టుకొని పోయి అడిగింది. ఆ రోజే మందు పోయించుకొని, తారీకు రాయించుకొని వచ్చింది.

రేపు వచ్చేటప్పుడు మీరు కూడ మీ పిల్లల కార్డులు తెచ్చుకోండి. ఆ గడులే చదువుదాం.